ఆ బీరువాలు అప్పుడే ఖాళీ చేయించకు

మినియాపోలిస్,
ఫిబ్రవరి, ఆదివారం

ప్రియమైన సూరీ,

నీ ఉత్తరం మంగళవారం చేరింది. అమ్మగారి మోకాలి నొప్పి తగ్గిందని, చంటివాడు గోడ పట్టుకుని నడుస్తున్నాడని చదివి ఎంత సంతోషించానో! కానీ చివరి పేజీలో రాసిన రెండు వాక్యాలు చదివినప్పటి నుంచి నా మనసు మనసులో లేదు. రైల్వే స్టేషన్లలో ఒంటరి పిల్లల్ని ఆదుకునే మీ సంస్థ ఆఫీసు కొత్త అద్దె ఇంట్లోకి మారుతోందని, ఇరవై ఏళ్ల నాటి రిజిస్టర్లు, ఫైళ్లు కిలోల లెక్కన పాత పేపర్లవాడికి వేసేస్తున్నారని రాశావు. దయచేసి ఆ పని ఆపించు. ఎందుకింత గట్టిగా అడుగుతున్నానో తెలియాలంటే, మూడు నెలలుగా నేను ఎక్కడ కూర్చుని చదువుతున్నానో నీకు చెప్పాలి.

మా మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి మిసిసిపీ నదికి రెండు పక్కలా భవనాలున్నాయి. మా సోషల్ వర్క్ విభాగం దూరంగా సెయింట్ పాల్ వైపు ఉంటుంది. అక్కడి నుంచి బస్సులో వచ్చి, వంతెన దాటి పడమటి ఒడ్డుకు వెళ్తే ఎల్మర్ ఆండర్సన్ గ్రంథాలయం కనిపిస్తుంది. ఒకప్పుడు ఈ రాష్ట్రానికి గవర్నరుగా పనిచేసిన పుస్తకప్రియుడి పేరు దానికి పెట్టారు. పైనుంచి చూస్తే మామూలు భవనమే. అసలు సంగతి దాని కింద ఉంది. నది ఒడ్డున ఉన్న రాతి గట్టును తొలిచి రెండు గుహలు చేశారు. ఒక్కొక్కటి రెండంతస్తుల ఎత్తు, ఇక్కడివాళ్ల ఫుట్‌బాల్ మైదానాలు రెండింటిని వరసగా పెట్టినంత పొడవు. గుహ అనగానే నాకు మనం అరకు రైలెక్కి వెళ్లి చూసిన బొర్రా గుర్తొచ్చింది. అక్కడ నెత్తిమీద నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతుంటే నువ్వు రుమాలు కప్పుకున్నావు కదా, ఇక్కడ అందుకు పూర్తిగా విరుద్ధం. బయట ఎముకలు కొరికే చలి ఉన్నా, జూలైలో ఉక్కపోసినా, లోపల ఒకే చల్లదనం, ఒకే పొడిదనం ఉండేలా యంత్రాలు చూసుకుంటాయి. కాగితం బతకడానికి కావలసింది అదేనట.

ఆ గుహల్లో ఉన్నవాటిలో నా పని 'సోషల్ వెల్ఫేర్ హిస్టరీ ఆర్కైవ్స్'తో, అంటే సంక్షేమ సేవల చరిత్ర తాలూకు పాత కాగితాలు భద్రపరిచే చోటుతో. 1964లో క్లార్క్ చేంబర్స్ అనే చరిత్ర ఆచార్యుడు దీన్ని మొదలుపెట్టాడు. అప్పటికి అందరూ దాచేది అధ్యక్షుల ఉత్తరాలు, సేనానుల డైరీలు. అనాథ పిల్లలకు ఇళ్లు వెతికిన సంఘాలు తమ సమావేశాల వివరాలు రాసుకున్న మినిట్స్ పుస్తకాలు, మురికివాడల్లో సేవా గృహాలు నడిపినవాళ్ల కార్బన్ కాపీలు ఎవరికి కావాలి? ఆఫీసు మారినప్పుడల్లా, సంస్థ మూతపడినప్పుడల్లా చెత్తబుట్ట పాలయ్యేవి అవే. చేంబర్స్ వాటి కోసమే ఒక చోటు ఏర్పాటు చేశాడు. ఈరోజు ఇక్కడ జాతీయ సోషల్ వర్కర్ల సంఘం కాగితాలున్నాయి. పిల్లల సంక్షేమం కోసం 1920లో పుట్టిన చైల్డ్ వెల్ఫేర్ లీగ్‌వి, న్యూయార్క్‌లోని హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్ అనే సేవా గృహంవి కూడా ఉన్నాయి. నువ్వడిగిన హల్ హౌస్, అదే షికాగోలో జేన్ ఆడమ్స్ నడిపిన సేవా గృహం, దాని కాగితాలు మాత్రం ఇక్కడ కావు, షికాగోలోని విశ్వవిద్యాలయంలో ఉంటాయి.

ఇక్కడ అల్మరాల మధ్యకు మనల్ని వెళ్లనివ్వరు. ముందుగా జాబితా చూసుకుని ఏ పెట్టె కావాలో చెప్పాలి. కిందినుంచి ఆ అట్టపెట్టె తెచ్చి బల్లమీద పెడతారు. పెన్ను లోపలికి రాకూడదు, పెన్సిలే. ఒకసారికి ఒక్క ఫోల్డరే తీయాలి, కాగితాల వరస మారకూడదు. మొదటి వారం ఈ నియమాలు నాకు విసుగనిపించాయి. ఇప్పుడు వరస ఎంత ముఖ్యమో అర్థమైంది. ఒక ఉత్తరం వెనక దాని జవాబు, దాని వెనక ఆ జవాబు రాయడానికి ముందు జరిగిన సమావేశం తాలూకు కాగితం. ఆ వరస చెదిరితే కథే పోతుంది.

నువ్వు తప్పక చూడవలసిన పెట్టెల గురించి చెప్తాను. ట్రావెలర్స్ ఎయిడ్ అని ఒక సంస్థ, 1917లో దేశవ్యాప్త సంఘంగా ఏర్పడింది. వాళ్ల పని ఏమిటో తెలుసా? రైల్వే స్టేషన్‌లో ఒక బల్ల వేసుకుని, బ్యాడ్జి పెట్టుకుని ప్లాట్‌ఫారం మీద నిలబడటం. ఒంటరిగా రైలు దిగిన ఆడపిల్లని, దారి తప్పిన బిడ్డని, భాష రాక బిక్కచచ్చి చూసే వలస కుటుంబాన్ని మోసగాళ్ల కన్నా ముందే పలకరించడం. సూరీ, అది నువ్వు చేస్తున్న పనే! పలాస ప్యాసింజర్ వచ్చే వేళకి నువ్వు ప్లాట్‌ఫారం చివర నిలబడి, సంచి కూడా లేకుండా దిగే పిల్లల్ని వెతుకుతావే, సరిగ్గా అదే. ఒక ఊరి ట్రావెలర్స్ ఎయిడ్ మనిషి ఇంకో ఊరి మనిషికి ముందే కబురు పెట్టేది, ఫలానా రైల్లో ఫలానా పిల్ల వస్తోంది, దింపుకోమని. ఊరి నుంచి ఊరికి చేతులు మారుతూ ఆ పిల్ల క్షేమంగా చేరేది. నువ్వు రాత్రి పదకొండింటికి ఒడిశా వైపు స్టేషన్‌లకు ఫోన్లు చేయడం నేను కళ్లారా చూశాను. ఆ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంటే నాకు కనిపించింది నువ్వే. నీకంటే వందేళ్ల ముందు ఈ పని చేసినవాళ్లు ఉన్నారని, ఎలా చేశారో కూడా తెలుస్తోందంటే, ఆ కాగితాలను ఎవరో పారేయకుండా ఉంచబట్టే కదా.

ఇంకొకటి. సామాజిక సేవ గురించి రాసే 'ది సర్వే' అనే పత్రిక ఉండేది, పాల్ కెలాగ్ దాని సంపాదకుడు. 1952లో ఆగిపోయింది. ఆ పత్రిక కాగితాలు ఇక్కడి తొలి సంపదల్లో ఒకటి. 1907లో కెలాగ్ ఒక బృందాన్ని వెంటబెట్టుకుని ఉక్కు పట్టణం పిట్స్‌బర్గ్‌కు వెళ్లాడు. కార్మికులు రోజుకు ఎన్ని గంటలు పనిచేస్తారు, ఎలాంటి ఇళ్లలో ఉంటారు, ఏ నీళ్లు తాగుతారు, అన్నీ ఇల్లిల్లూ తిరిగి రాశారు. లూయిస్ హైన్ ఫోటోలు తీశాడు. ఆ బృందంలో క్రిస్టల్ ఈస్ట్‌మన్ అనే యువ న్యాయవాది ఒక్క జిల్లాలో ఒక్క సంవత్సరంలో పనిలో చనిపోయినవారిని లెక్కతీసింది. 526 మంది. అంతటితో ఆగలేదు, వాళ్ల ఇళ్లకు వెళ్లి ఆ కుటుంబాలకు ఏం ముట్టిందో అడిగింది. పెళ్లయి సంసారం ఉన్నవాళ్లలో సగానికి పైగా ఇళ్లకు యజమానులు ఇచ్చింది 100 డాలర్లో, అంతకన్నా తక్కువో. ఆమె పుస్తకం వచ్చిన 1910లోనే న్యూయార్క్‌లో కార్మిక పరిహార చట్టం వచ్చింది, ఆ చట్టానికి దారి వేసిన సంఘంలోనూ ఆమె ఉంది. మరుసటి ఏడాది కోర్టు దాన్ని కొట్టేస్తే, రాజ్యాంగాన్నే సవరించి మళ్లీ తెచ్చుకున్నారు. చదువుతుంటే మీ నాన్నగారి జూట్ మిల్లు రోజులు, ఆయన కుడిచేతి వేళ్లు గుర్తొచ్చాయి. ఆ ప్రమాదం గురించి ఎక్కడైనా ఒక్క వాక్యం రాసి ఉందా? అప్పట్లో ఆ మిల్లులో ఎంతమందికి అలా జరిగిందో ఎవరైనా లెక్క రాశారా?

ఇక్కడి కాగితాలన్నీ గొప్పవని అనను. కొన్ని చదివితే కోపం వస్తుంది. సాయం చేయడానికి వెళ్లినవాళ్లే ఇటలీ నుంచో, పోలండ్ నుంచో వచ్చిన తల్లుల వంట గురించి, శుభ్రత గురించి ఎంత చులకనగా రాశారో! ఆ తల్లి ఏమనుకుందో మాత్రం ఎక్కడా ఉండదు. కలం ఎప్పుడూ మనలాంటివాళ్ల చేతిలోనే ఉంది. మన ఫీల్డ్ వర్క్ నివేదికలు కూడా అలాగే రాశాం కదా అని తలచుకుంటే బాధేస్తుంది. అయినా ఆ చులకన మాట కూడా ఉండాల్సిందే. అది చెరిగిపోతే మనం ఏం తప్పు చేశామో తెలిసే దారి ఉండదు.

పేర్లు బయటపడతాయన్న భయం నీకు ఉంటుందని తెలుసు. వీళ్లకీ ఉంది. వ్యక్తుల కేసు ఫైళ్లను దశాబ్దాలపాటు మూసి ఉంచుతారు. పరిశోధకుడు దరఖాస్తు పెట్టుకోవాలి, పేర్లు వెల్లడించనని రాసివ్వాలి. పెళ్లికాని తల్లులకు ఆశ్రయమిచ్చిన ఫ్లోరెన్స్ క్రిటెంటన్ గృహాల కాగితాలూ ఇక్కడే ఉన్నాయి. అలాంటివి ఎవరంటే వాళ్లు తిరగేయకూడదు, అది న్యాయమే. మరి పాత పేపర్లవాడి దగ్గరకు వెళ్లిన నీ ఫైళ్లు ఎక్కడ తేలతాయి? మిరపకాయ బజ్జీల పొట్లంగా ఎవరి చేతిలో విప్పుకుంటాయి? పిల్లల పేర్లు, ఊళ్ల పేర్లు వాటిలో ఉన్నాయి సూరీ. ఆ ఒక్క కారణం చాలదా?

1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలు రాజమండ్రి బిడ్డ దుర్గాబాయి. దేశమంతటా చిన్న చిన్న స్వచ్ఛంద సంస్థలకు ఆ మండలి గ్రాంట్లు ఇచ్చింది. గ్రాంటు తీసుకున్న ప్రతి బాలవాడీ, ప్రతి కుట్టు కేంద్రం ఏదో ఒక లెక్క రాసి పంపే ఉంటుంది కదా. మన తాలూకాల్లో ఆ కేంద్రాలు నడిపిన పంతులమ్మల నోటు పుస్తకాలు ఏ అటకమీద ఉన్నాయో. ఉంటే బాగుండును.

అందుకని నీకు చేతనైనంత చెయ్యి. బిల్లులు, రసీదుల నకళ్లు పోతే పోనీ. మినిట్స్ పుస్తకాలు, స్టేషన్ డ్యూటీ రిజిస్టర్లు, మీరు కలెక్టరుకు రాసిన ఉత్తరాలు, సిబ్బంది డైరీలు విడిగా తీయించు. తుప్పుపట్టిన గుండుసూదులు, క్లిప్పులు లాగేయండి, కాగితాన్ని తినేసేవి అవే. రబ్బరు బ్యాండ్లు వద్దు, నూలు నాడాతో కట్టండి. కట్ట మీద సంవత్సరం రాసి, నేలకు తగలకుండా బల్లమీద పేర్చండి. పిల్లల కేసు ఫైళ్లు వేరే బీరువాలో పెట్టి, తాళం చెవి నీ దగ్గరే ఉంచుకో. తర్వాత మన విశ్వవిద్యాలయం గ్రంథాలయంవాళ్లతో మాట్లాడదాం. మే నెలలో నేను వస్తున్నాను, నాలుగు రోజులు నీతో కూర్చుని జాబితా రాస్తాను.

పేపర్లవాడు శనివారం వస్తాడని రాశావు. ఈ ఉత్తరం ఆలోపు చేరదేమోనని దీన్ని ఫోటోలు తీసి నీ ఫోనుకు కూడా పంపుతున్నాను. చూడగానే ఫోన్ చెయ్యి. నీకు పగలైతే నాకు అర్ధరాత్రి అవుతుంది, ఫరవాలేదు, మేలుకునే ఉంటాను.

అమ్మగారికి నమస్కారాలు, చంటివాడికి ముద్దులు.

నీ
మిత్రుడు