పరిశోధన ప్రసంగంలో తొలి ఇరవై నిమిషాలు

సంపాదకుడికి నమస్కారం.

విశ్వవిద్యాలయాల గణిత విభాగాల్లో వారంవారం పరిశోధన ప్రసంగాలు జరుగుతుంటాయి. జ్యామితి, సమూహ సిద్ధాంతం (ఒకదాని వెంట ఒకటి చేయగల, వెనక్కి తిప్పగల చర్యల గణితం) కలిసే చోట జరిగేవాటికి నేను వీలున్నప్పుడల్లా వెళుతుంటాను. నోటీసు అడుగున ‘అందరూ ఆహ్వానితులే’ అని ఉంటుంది. పైనున్న సారాంశం చదివితే మాత్రం, అదే విభాగంలో వేరే శాఖ చూసే ఆచార్యుడికి కూడా ఆ పిలుపు తనకేనా అన్న అనుమానం వస్తుంది. మొదటి వాక్యంలోనే నాలుగు పారిభాషిక పదాలు. ఒక్కదానికీ వివరణ ఉండదు. చివరికి గదిలో కనిపించేది ఆ రంగం తెలిసిన కొద్దిమంది, హాజరు కోసం వచ్చిన పరిశోధక విద్యార్థులు.

విషయం బయటివారికి బొత్తిగా కొరుకుడు పడనిదైతే నాకు పేచీ లేదు. కానీ ఆ రంగపు మూలప్రశ్నల్లో ఒకదాన్ని చూడండి. తూర్పుకు ఒక అడుగు, ఉత్తరానికి ఒక అడుగు, వాటికి ఎదురు అడుగులు. ఈ నాలుగింటితో ఎంత పొడవైనా ఒక వరుస రాసి, దాని ప్రకారం నడిచినవాడు బయలుదేరిన చోటికే వస్తాడా అని అడిగితే జవాబు చిటికెలో చెప్పవచ్చు. తూర్పులు పడమరలకు, ఉత్తరాలు దక్షిణాలకు సరిపోవాలి, అంతే. ఏది ముందు, ఏది వెనుక అన్న పట్టింపు లేదు. ఆ వెసులుబాటు తీసేయండి. ఒక అడుగు, వెంటనే దాని ఎదురడుగు పడితేనే రెండూ చెల్లిపోతాయనండి. అప్పుడు పక్కపక్కనున్న జంటలను కొట్టేసుకుంటూ పోవాలి. చివరికి ఏమీ మిగలకపోతే మొదటికి వచ్చినట్టే. ఇదీ సులువే. ఇప్పుడు ‘ఫలానా అడుగుల వరుస నడిచినా నడవనట్టే’ అనే నియమాలు కొన్ని చేర్చండి. ఏ నియమాల పట్టిక ఇచ్చినా పనిచేసే పద్ధతి ఉందా? 1911లో జర్మన్ గణితజ్ఞుడు మాక్స్ డేన్ అడిగింది ఇదే. లేదని 1955లో సోవియట్ గణితజ్ఞుడు ప్యోత్ర్ నోవికోవ్ నిరూపించాడు. కొన్ని పట్టికల విషయంలో ఏ కంప్యూటరూ, ఎంత గడువిచ్చినా, అన్ని వరుసలకూ జవాబు తేల్చజాలదు.

జ్యామితి అవసరం పడేది ఇక్కడే. అడుగులన్నిటినీ గీతలుగా గీసి, ఈ అడుగులూ నియమాలూ కలిసిన సమూహాన్ని ఒక పటంగా చూస్తే, కొన్ని పటాల్లో త్రిభుజాలు ఎంత పెద్దవైనా బక్కపలచగానే ఉంటాయి. ఏ భుజం మీద నిలబడ్డా మిగతా రెండింటిలో ఒకటి దగ్గరలోనే తగులుతుంది. ఇలాంటి సమూహాలకు హైపర్బోలిక్ అని పేరుపెట్టి, 1987లో జ్యామితిజ్ఞుడు మిఖాయిల్ గ్రోమోవ్ ఒక పెద్ద సిద్ధాంతమే నిర్మించాడు. నియమాలను తగినట్టు ఎంచుకుంటే వీటిలో డేన్ పాత చిట్కా ఎప్పుడూ పారుతుంది: ఏదైనా నియమంలో సగానికి పైగా వరుసలో కనబడితే, దాని బదులు మిగిలిన చిన్న ముక్కను వెనకనుంచి నడిపించడం. వరుస ప్రతిసారీ కురచవుతుంది కనుక పని ఎక్కడో ఒకచోట తెగుతుంది. నల్లబల్ల మీద పావుగంటలో చెప్పగల సంగతి ఇది. ఈ పావుగంట దక్కిన శ్రోత తరువాతి భాగంలో దారి తప్పినా, ఏ ఊరి దారి తప్పాడో అతనికి తెలుస్తుంది.

వచ్చిన అతిథి నిపుణుల కోసం వచ్చాడు, గంటలో పునాదులు చెబుతూ కూర్చుంటే అసలు ఫలితం ఎప్పుడు చెప్పాలి అని నిర్వాహకులు అంటారు. నిపుణులకైనా ఏం అందుతోందని నా ప్రశ్న. 1982లో ఫీల్డ్స్ పతకం అందుకున్న జ్యామితిజ్ఞుడు విలియం థర్‌స్టన్ 1994 నాటి ఒక వ్యాసంలో ఈ మాటే ఒప్పుకున్నాడు: సాధారణ విభాగ ప్రసంగానికి వచ్చినవారిలో చాలామంది తొలి ఐదు నిమిషాల్లోనే దారి తప్పి, మిగతా యాభై ఐదు నిమిషాలూ మౌనంగా కూర్చుంటారని. వెనక వరుసలో కూర్చునేవాళ్లకు ఇది కొత్త కబురు కాదు.

బయటివారికి ఇదంతా ఎందుకనేవారూ ఉన్నారు. తలాన్నంతా, అదీ ఎప్పటికీ పునరావృతం కాని అమరికతో మాత్రమే, ఒంటరిగా కప్పగల ఒక ఆకారాన్ని వెతికి పట్టి, 2023లో ముగ్గురు పరిశోధకులతో కలిసి ప్రకటించిన డేవిడ్ స్మిత్ ఒక రిటైరైన ముద్రణ సాంకేతిక నిపుణుడు. అతనికి అది వ్యాపకం మాత్రమే.

అలాగని రంగురంగుల బొమ్మలు చూపి చప్పట్లు కొట్టించుకునే ప్రసంగాలు అడగడం లేదు. వాటికి కొదవ లేదు. గంటలో తొలి ఇరవై నిమిషాలు బీఎస్సీ గణితం చదివినవారికి అర్థమయ్యేలా చెప్పమని అతిథిని ముందే కోరాలి. నోటీసు ముందురోజు సాయంత్రం కాక వారం ముందే రావాలి. సారాంశంలో ఒక పేరా ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నారో చెప్పాలి, ఆ తరువాత గుర్తులు ఎన్ని రాసుకున్నా ఎవరూ కాదనరు. విశ్వవిద్యాలయం నుంచి అలాంటి నోటీసు వస్తే, సభలు సమావేశాలు వేసే శీర్షికలో దానికి రెండు పంక్తుల చోటివ్వమని మీకు కూడా మనవి.

– ఒక విశ్రాంత గణిత అధ్యాపకుడు