మా ఉప్పునీటి తొట్టికి సాయపడిన వారికి కృతజ్ఞతలు

చేపలు, పగడాలు పెంచే మా ఉప్పునీటి అక్వేరియం కుదుటపడింది. ముందుగా కరీంనగర్ అన్నకు. పేరు రాయవద్దన్నారు, అందుకే రాయడం లేదు. బదిలీపై వెళ్లిపోతున్న ఒక కుటుంబం నుంచి నేను తీసుకున్న తొట్టిలో నాచు గీకిన కొద్దీ వచ్చేది. నాచుకు మేతయ్యే ఫాస్ఫేట్ నీటిలో ఎంతుందో చూస్తే మీటరు 180 చూపించింది. అది పీపీబీల్లో (వంద కోట్లలో ఎన్ని భాగాలో) భాస్వరం లెక్క, ఫాస్ఫేట్ కావాలంటే 3.066తో హెచ్చవేసి వెయ్యితో భాగించాలని ఫోనులో ఓపిగ్గా చెప్పింది ఆయనే. అంటే 0.55 పీపీఎం (పది లక్షల్లో ఎన్ని భాగాలో). పగడాలున్న తొట్టిలో 0.1 లోపు ఉంటే మేలంటారు.

నీళ్లు మార్చినా మళ్లీ పెరగడానికి కారణం రాళ్లేనని చెప్పినవారు హనుమకొండలోని విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్ గారు. సున్నపు రాయి ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుకుంటుందట, నీటిలో తగ్గగానే తిరిగి వదులుతుందట. ఆ మాటతో నా కంగారు సగం తగ్గింది.

లాంథనం క్లోరైడ్ అనే మందు పోస్తే ఫాస్ఫేట్ ఒక్కపూటలో దిగుతుందన్న వారికీ నమస్కారం. కానీ నా దగ్గర పసుపు టాంగ్ అనే చేప ఉంది. ఆ మందుతో ఏర్పడే సన్నటి మడ్డి ఫిల్టరు సంచిలో ఆగకపోతే చేప మొప్పలకు ముప్పు, పైగా నీటి ఆల్కలినిటీ (క్షారత) పడిపోతుంది. మాస్టారు వద్దంటే వద్దన్నారు.

అన్న ఆర్టీసీ కార్గోలో జీఎఫ్‌ఓ డబ్బా పంపారు. ఫాస్ఫేట్‌ను పట్టేసుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలవి. ఆర్‌ఓ నీటితో కడిగితే మొదట ఎర్రమట్టి నీళ్లలా కారింది. తేటపడేదాకా కడిగించారు. డబ్బా మీది మోతాదులో సగానికన్నా తక్కువే, గుళికల గుండా నీళ్లు పారే గొట్టమైన రియాక్టర్‌లో వేయించి, పైపొర మాత్రమే మెల్లగా కదిలేలా ధార పెట్టించారు. ఫాస్ఫేట్ ఒక్కసారిగా పడిపోతే పగడాలు తట్టుకోలేవు. సున్నాకు దింపితే డైనోఫ్లాజెల్లేట్లు అనే జిగట పీడ మొదలయ్యే ప్రమాదం ఉంది. అందుకే తగ్గడం ఆగిపోయాకే కొత్త గుళికలు.

మా అమ్మకు కూడా. గడ్డకట్టిన రొయ్యల మేతను కడగడానికి టీ వడగట్టే జాలి ఇచ్చేసింది. దానివల్ల తగ్గే ఫాస్ఫేట్ కొద్దిపాటిదేనని మాస్టారు తేల్చేశారు, జాలి మాత్రం వంటింటికి తిరిగి వెళ్లలేదు.

ఇప్పుడు మీటరు 30 దగ్గర నిలకడగా ఉంది, అంటే 0.09. డబ్బాలో ఇంకా సగం గుళికలు పొడిగానే ఉన్నాయి. వరంగల్, కాజీపేటల్లో ఎవరికైనా అవసరమైతే అడగండి, ఊరికే ఇస్తాను. అన్న పెట్టిన షరతు అదొక్కటే.