నా కంప్లైంట్ టికెట్ నాలుగుసార్లు ఎవరు మూసేశారో చెప్పండి

కస్టమర్ సపోర్ట్ మేనేజర్ గారికి,

ఇది మీకు రాస్తున్న ఏడో మెయిల్. ముందు రాసిన ఆరింటికీ ఆటోమేటిక్ రిప్లైలే తప్ప మనిషి రాసిన జవాబు ఒక్కటి కూడా రాలేదు, అందుకే ఈసారి జరిగిందంతా మొదట్నుంచీ రాస్తున్నా, దయచేసి చివరిదాకా చదవండి.

నేను యూరప్‌లో చదవడానికి ఇచ్చే ఎరాస్మస్ ముండస్ మాస్టర్స్ స్కాలర్‌షిప్‌కి అప్లై చేశాను. రెండు రికమండేషన్ లెటర్లు మీ పోర్టల్ నుంచే యూనివర్సిటీకి వెళ్లాలి. వాటిలో మా మేడం ఇచ్చిన లెటర్ వెళ్లిపోయింది. మా ప్రాజెక్ట్ గైడ్ సార్ కూడా అప్‌లోడ్ చేశారు, ఆయనకి మీ కన్ఫర్మేషన్ మెయిల్ కూడా వచ్చింది, కానీ నా అకౌంట్‌లో మాత్రం 'పెండింగ్' అనే చూపిస్తోంది. సాఫ్ట్‌వేర్ అన్నాక ఏదో ఒకటి ఆగుతుంది, దానికి నాకు కోపం లేదు. అప్పటికి డెడ్‌లైన్‌కి ఇంకా 11 రోజులుంది, మీలో ఒక్కరు కూర్చుని చూసుంటే సరిపోయేది.

మొదటిరోజు చాట్‌లో 40 నిమిషాలు వెయిట్ చేశాక ఒకాయన వచ్చి స్క్రీన్‌షాట్ అడిగారు, పంపాను, టెక్నికల్ టీమ్‌కి చెప్పాం 48 గంటల్లో అయిపోతుంది అన్నారు. మూడోరోజు వరకూ చూసి మళ్లీ వెళ్తే ఈసారి ఇంకొకావిడ, ముందు మాట్లాడినాయన ఏం రాశారో తనకి కనపడదట, మళ్లీ అదే స్క్రీన్‌షాట్, మళ్లీ అప్లికేషన్ నంబర్, మళ్లీ పుట్టినతేదీ, అన్నీ ఇచ్చాక బ్రౌజర్ హిస్టరీ క్లియర్ చేసి చూడమన్నారు. లెటర్ ఉన్నది మీ సర్వర్‌లో మేడం, నా కంప్యూటర్‌లో కాదు అని ఎంత చెప్పినా వినలేదు. తెల్లారేసరికి 'మీ సమస్య పరిష్కారమైంది' అని టికెట్ క్లోజ్. మళ్లీ తెరిచాను, మళ్లీ క్లోజ్ చేశారు. ఇలా నాలుగుసార్లు.

ఫోన్ చేస్తే ఒకాయన ఆ లెటర్ మీరే యూనివర్సిటీకి పంపేయండి అన్నారు. అది కాన్ఫిడెన్షియల్ లెటరండీ, దాన్ని చూసే హక్కు వదులుకుంటున్నానని మీ ఫారంలోనే నాతో టిక్ పెట్టించారు, నా దగ్గర లేనిది ఎక్కణ్నుంచి పంపాలి? ఇంకొకరు సార్‌తో మళ్లీ అప్‌లోడ్ చేయించమన్నారు. ఆయన ప్రయాణంలో ఉన్నారు, రాత్రి పదింటికి ఫోన్ చేసి బతిమాలాను, పాపం లాప్‌టాప్ తీసి ప్రయత్నించారు, 'ఇప్పటికే సమర్పించారు' అని లింక్ తెరుచుకోలేదు. అంటే ఆయనకేమో అందింది అంటారు, నాకేమో అందలేదు అంటారు. సార్‌ని అలా ఇబ్బంది పెట్టినందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

చివరిరోజు సూపర్‌వైజర్ రెండు గంటల్లో కాల్ చేస్తారన్నారు. రాత్రంతా ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నా. కాల్ రాలేదు, డెడ్‌లైన్ దాటిపోయింది. పొద్దున మీ దగ్గర్నుంచి వచ్చిన మెయిల్ ఏంటో తెలుసా? మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు అని.

తర్వాత మాట్లాడిన మీ ఏజెంట్ 'బయట చాలా స్కాలర్‌షిప్‌లున్నాయి కదా, వేరేదానికి పెట్టుకోండి' అన్నారు. ఆ మాట నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్‌కి రెండేళ్ల పని అనుభవం కావాలి, జర్మనీలో డీఏఏడీ అనే సంస్థ స్కాలర్‌షిప్ ఇచ్చే ఎపోస్ కోర్సులకీ రెండేళ్లు కావాలి, నాకున్నది ఒక్క ఏడాదే. ఎరాస్మస్ ముండస్‌లో ఫీజు కట్టక్కర్లేదు, నెలకి 1,400 యూరోలు ఇస్తారు, కనీసం రెండు దేశాల్లో చదవొచ్చు, నాలాంటివాళ్లకి అది ఎంత పెద్ద అవకాశమో ఆయనకి తెలియకపోతే తెలియదని ఊరుకోవాలి. ఇంకో ఏడాది ఆగాలి. ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లిష్ పరీక్ష స్కోర్ రెండేళ్లే చెల్లుతుంది, ఈలోపు నాది అయిపోతుంది, మళ్లీ ఫీజు కట్టి మళ్లీ రాయాలి.

మూడేళ్లుగా నేను మీ కస్టమర్‌ని. మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్‌లు పంపినా, లెటర్లు పంపినా మీ దగ్గరే. నా జూనియర్లు ఐదుగురికి నేనే చెప్పి అకౌంట్లు చేయించాను, ఇప్పుడు వాళ్లకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?

డబ్బులు వెనక్కి ఇస్తారా లేదా తర్వాత సంగతి, ఇవ్వాలి కూడా. ముందు సార్ ఏ రోజు ఏ టైముకి అప్‌లోడ్ చేశారో, అది మీ వైపునే ఆగిందని, మీ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి పంపండి, నేను యూనివర్సిటీ కోఆర్డినేటర్‌ని అడిగి చూసుకుంటా, ఒప్పుకుంటారో లేదో వాళ్లిష్టం. టికెట్ ప్రతిసారీ మూసింది ఎవరో కూడా అందులో ఉండాలి. ఏడు రోజుల్లో రాకపోతే చాట్‌లన్నీ, కాల్ టైములన్నీ నా దగ్గరున్నాయి, వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను, మీ పోర్టల్ వాడే ప్రతి యూనివర్సిటీకీ ఇదే మెయిల్ పంపుతాను. ఊరికే అనడం లేదు.

జవాబు ఈ మెయిల్‌కే, కింద మీ పేరుతో ఇవ్వండి. కొత్త టికెట్ నంబర్ పంపొద్దు.

ఇట్లు,
మీ మూడేళ్ల కస్టమర్