ఓమ్నీ కంప్యూటర్ మార్చిన సంగతులు: మిత్రుడికి ఉత్తరం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. వదినగారి మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని తెలిసి ఇంట్లో అందరం సంతోషించాం. ఇక నీ మారుతి ఓమ్నీ వ్యాన్ సంగతి. బండి మిస్ కొడుతోందనీ, మెకానిక్ సీటు ఎత్తి చూసి "ఈసీఎం (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) పోయింది, కొత్తది వేయాల్సిందే" అని తేల్చేశాడనీ, ఈ వయసులో దానికి అంత ఖర్చు దండగ కనుక తుక్కుకు ఇచ్చేద్దామనుకుంటున్నావనీ రాశావు. కాస్త ఆగు. నా బండికి ఇదే రోగం వచ్చి, నిజంగానే కంప్యూటర్ మార్చవలసి వచ్చింది. మార్చడం పెద్ద పనేమీ కాదు. అది ఎందుకు పోయిందో తెలుసుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది. ఆ కారణం తేలకుండా కొత్తది బిగించి ఉంటే అదీ మొదటిదాని దారే పట్టేది.

నా బండి 2007 నాటిదని నీకు తెలుసు. కార్బురేటర్ ఉన్న పాత ఓమ్నీలకు ఈ బెడద లేదు. కాలుష్య నిబంధనలు బిగిసిన తరువాత అదే 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజన్‌కు పెట్రోల్ ఇంజెక్టర్లు పెట్టారు; వాటిని ఎప్పుడు ఎంతసేపు తెరవాలో నిర్ణయించే కంప్యూటర్‌నే మన మెకానిక్‌లు ఈసీఎం అంటారు. అది థ్రాటిల్, గాలి ఒత్తిడి వంటి సెన్సర్లకు 5 వోల్టుల కరెంటు పంపి, వాటి నుంచి తిరిగి వచ్చే వోల్టేజీని బట్టి ఇంజన్ పరిస్థితిని అంచనా వేస్తుంది. ఆ సెన్సర్లలో ఒక్కటి షార్టయినా 5 వోల్టులు పడిపోయి కంప్యూటర్ మొత్తం చచ్చినట్టు కనిపిస్తుంది. అటువంటప్పుడు సెన్సర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తూ మీటర్ చూస్తే, దొంగ సెన్సర్ దగ్గర వోల్టేజీ మళ్లీ 5కు లేస్తుంది. మంచి కంప్యూటర్లు ఎన్ని ఈ ఒక్క పరీక్ష చేయక చెత్తబుట్ట పాలవుతున్నాయో అనిపిస్తుంది నాకు.

నా బండిది ఆ సెన్సర్ల గొడవ కాదు, లక్షణం వేరు. పెట్రోల్ మీద స్టార్ట్ చేస్తే ఒక సిలిండర్ పని చేయక బండి వణికేది, పికప్ ఉండేది కాదు. గ్యాస్ మీదకు మార్చగానే మూడు సిలిండర్లూ హాయిగా కొట్టేవి. నాకంటే ముందున్న యజమాని బయట ఎక్కడో ఎల్పీజీ కిట్ బిగించుకున్నాడు. గ్యాస్ మీద నడిచేటప్పుడు ఆ కిట్ పెట్రోల్ ఇంజెక్టర్లను ఆపేసి, మిక్సర్ ద్వారా గ్యాస్‌ను గాలితో కలిపి లోపలికి పంపుతుంది. అంటే ప్లగ్గులు, కాయిల్, కంప్రెషన్ అన్నీ బాగున్నాయనీ, తేడా ఉన్నది పెట్రోల్ ఇంజెక్టర్ల దారిలోనేననీ బండి తనంతట తానే చెబుతోంది. అయినా ముందు చూసిన మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, ప్లగ్ వైర్లు మార్చాడు, ఆ మీదట కంప్యూటర్ మీద పడ్డాడు. చివరి మాట నిజమే అయింది గానీ, అది ఊహించి చెప్పిన నిజం.

అక్కడి నుంచి బండిని మా వీధి చివర ఉండే ఆటో ఎలక్ట్రీషియన్‌కు అప్పగించాను. ఆయన తీరు నాకు నచ్చింది; స్కానర్ కోసం వెతుక్కోకుండా ముందు మీటర్ తీశాడు. బండి తన లోపాలను తానే గుర్తించి స్కానర్‌కు చెప్పే ఓబీడీ పద్ధతిలో రెండో దశ మన దేశంలో తప్పనిసరి అయింది 2013లో గనుక, అంతకుముందు బండ్లకు ఆన్‌లైన్‌లో దొరికే చవక బ్లూటూత్ పరికరం కలవకపోతే కంప్యూటర్ పోయినట్టు కాదని కూడా ఆయనే చెప్పాడు. మూడు ఇంజెక్టర్ల కాయిల్స్‌నూ కొలిస్తే ఇంచుమించు 13 ఓముల దగ్గరే చూపించాయి, అంటే ఇంజెక్టర్లు బాగున్నట్టే. తరువాత ఇంజెక్టర్ కనెక్టర్లలో చిన్న టెస్ట్ లైటు పెట్టి సెల్ఫ్ కొట్టించాడు. రెండింటి దగ్గర లైటు మిణుకుమిణుకుమంది, మూడోదాని దగ్గర ఉలుకూ పలుకూ లేదు. ఆ వైరును కంప్యూటర్ సాకెట్టు దాకా కొలిస్తే ఎక్కడా తెగలేదు. అప్పుడు గానీ ఆయన నోట "లోపలే పోయింది సార్" అన్న మాట రాలేదు.

ఊడదీసి మూత విప్పితే నా కళ్లతో నేనే చూశాను. ఆకుపచ్చ బోర్డు మీద పారదర్శకమైన వార్నిష్ పూత, దాని కింద వరుసగా గోరంతేసి ట్రాన్సిస్టర్లు. వాటిలో ఒకదాని చుట్టూ పూత గోధుమరంగుకు తిరిగి, మధ్యలో చిన్న పగులు. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాలిన వాసన ఇంకా వస్తూనే ఉంది.

ఇక అసలు విషయం. ఇంజెక్టర్‌కు ఒక పక్క 12 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. రెండో పక్కను ఈ ట్రాన్సిస్టర్ ఎర్త్‌కు కలిపినప్పుడల్లా ఇంజెక్టర్ తెరుచుకుంటుంది. మధ్యలో 13 ఓముల కాయిల్ ఉంది కనుక దానిలోంచి పారే కరెంటు ఒక ఆంపియర్‌కు కాస్త అటూఇటూ. మరి ఆ రెండు పక్కల వైర్లూ ఒకదానికొకటి తగిలితే? కాయిల్ అడ్డం తొలగిపోయి, కంప్యూటర్ ఎర్త్ ఇచ్చిన క్షణంలో బ్యాటరీ కరెంటంతా ఆ గోరంత ముక్క మీద పడుతుంది. వైరింగ్ వెంట వేలు పోనిస్తూ వెతికితే, గ్యాస్ కిట్ వాళ్లు ఇంజెక్టర్లను ఆపడానికి వేసిన అతుకులు దొరికాయి. వైర్లు కోసి, చేత్తో మెలేసి, పైన నల్ల టేపు చుట్టి వదిలేశారు. ఓమ్నీలో ఇంజన్ మన సీటు కిందే ఉంటుంది కదా, ఆ వేడికి టేపు జిగురు కరిగి కారిపోయి, రాగి పోగులు రెండూ ఒకదానినొకటి ఒరుసుకుంటున్నాయి. గ్యాస్ కిట్‌ను నేను తప్పు పట్టను. సరిగ్గా అమర్చినవి ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. ఆ మెలి అతుకును మాత్రం క్షమించలేను. మీ ఊళ్లో ఇళ్లకు ఎలుకల బాధ ఎక్కువ కనుక, వినాయకుడి వాహనం నీ వాహనం వైర్లు కొరికిందేమో కూడా ఓ చూపు చూడు.

తరువాత కంప్యూటర్ వేట మొదలైంది. ఓమ్నీ తయారీ 2019లోనే ఆగిపోయింది గనుక కొత్తది తెప్పించడం కన్నా, విజయవాడ ఆటోనగర్‌లో విప్పేసిన బండి సామాను వెతకడమే మేలనుకున్నాను. అక్కడ జాగ్రత్తగా ఉండాలి. సాకెట్టు సరిపోయింది కదా అని తెచ్చుకుంటే, పాత నిబంధనల బండికి రాసిన ప్రోగ్రామ్ వేరు, తరువాతి బండికి రాసినది వేరు. సెన్సర్ల లెక్కలు కుదరక బండి పొగ తాగుడు మొదలుపెడుతుంది. సుజుకీ వాళ్ల ఈసీఎం లేబుల్ మీద 33920తో మొదలయ్యే నంబరు ఉంటుంది. ఆ అంకెల తరువాత ఉన్న భాగం కూడా అక్షరం పొల్లు పోకుండా కలవాలి. ఇమ్మొబిలైజర్ (దొంగతనం జరగకుండా పెట్టే ఏర్పాటు) ఉన్న బండి అయితే తాళం చెవితో జత కలిసి ఉన్న కంప్యూటర్ మరొక బండిలో ఇంజన్‌ను స్టార్ట్ కానివ్వదు కనుక, దాన్ని కొనేముందు ఆ జత మార్చగల మనిషిని చూసుకోవాలి. నా బండికి ఆ తంటా లేదు.

బిగించే ముందు ఆయన చేసిన పనులే నాకు ఎక్కువ నేర్పాయి. ముందుగా బ్యాటరీ నెగటివ్ తీశాడు. మెలి అతుకులన్నీ కోసి పారేసి, కొత్త వైర్లను సాల్డర్ చేసి, వేడికి ముడుచుకునే గొట్టాలు తొడిగి, ఇంజన్‌కు దూరంగా కట్టాడు. ఇంజన్ మీదా బాడీ మీదా ఉన్న ఎర్త్ బోల్టులను ఇసుక కాగితంతో మెరిసేదాకా రుద్దాడు; ఎర్త్ బలహీనంగా ఉంటే కంప్యూటర్‌కు అందే కొలతలన్నీ అబద్ధాలేనట. పాత ఈసీఎం తగిలించే ఇంజన్ నడిపించి చూస్తే ఆల్టర్నేటర్ ఛార్జింగ్ 14.2 వోల్టులు ఉంది. అది 15 దాటితే కొత్త కంప్యూటర్ తగిలించనని ముందే చెప్పాడు. బండి బాడీకి వెల్డింగ్ చేయించేటప్పుడు కూడా బ్యాటరీ ఊడదీసి, కంప్యూటర్ కనెక్టర్ తీసేయమన్నాడు. నువ్వు పోయినేడు ఫ్లోర్ షీట్లు వేయించావు కదా, అప్పుడు తీశారో లేదో కనుక్కో.

కొత్తగా తెచ్చినది తగిలించి తాళం తిప్పగానే చెక్ ఇంజన్ లైటు వెలిగింది, పెట్రోల్ పంపు రెండు మూడు సెకన్లు గుయ్యిమని ఆగింది. లైటు అసలు వెలగకపోతే కంప్యూటర్‌కు కరెంటు అందడం లేదని గుర్తు, ముందు ఫ్యూజూ, కంప్యూటర్‌కు కరెంటు కలిపే మెయిన్ రిలే చూడాలి. ఇంజన్ అందుకుంది గానీ ఐడిల్, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం, మొదట్లో కాస్త ఎక్కువగా ఉంది. రేడియేటర్ ఫ్యాన్ తిరిగేదాకా అలాగే ఉంచి, ఆ తరువాత బందరు రోడ్డు మీద ఓ చుట్టు చుట్టి వచ్చేసరికి దానంతట అదే సర్దుకుంది. కాలిన పాత బోర్డును పారేయలేదు. ట్రాన్సిస్టర్ ఒక్కటే మార్చి బాగుచేసే కుర్రవాడు ఆటోనగర్‌లోనే ఉన్నాడు, స్పేర్‌గా పడి ఉంటుందని ఇచ్చి వచ్చాను.

ఇప్పుడు నువ్వు చేయవలసింది ఇంతే. నీ బండికీ గ్యాస్ కిట్ ఉంది కనుక గ్యాస్ మీద మిస్ పోతోందో లేదో, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయో చూసి రాయి, ఈసీఎం లేబుల్ ఫోటో తీసి పంపు. గ్యాస్ మీద కూడా మిస్ ఉంటే ఆటోనగర్ ప్రయాణం పెట్టుకోకు, ముందు ప్లగ్గులూ కంప్రెషనూ చూపించు. పెట్రోల్ మీదే అయితే మాత్రం ఏదైనా ఆదివారం కాని రోజు చూసుకుని పొద్దున్నే బస్సెక్కు, భోజనం మా ఇంట్లోనే, ఇద్దరం కలిసి వెళ్లి నంబరు కలిసే ముక్క వెతుకుదాం.

నీ మిత్రుడు