చేయని ప్రయోగానికి మార్కులు వేయించుకుంటున్నాం, మంత్రి గారూ

ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారములు. ల్యాబ్‌లో ప్రయోగాలు చేసే వీలు మాకు దొరకడం లేదన్న విషయమై మీ కార్యాలయానికి ఇంతకుముందు మూడు వినతిపత్రాలు పంపాను. మొదటిదానికి అందినట్లు ముద్ర వేసిన రసీదు వచ్చింది. తరువాతి రెండింటికి అదీ రాలేదు. అందుకే నలుగురూ చదివేలా రాయవలసి వచ్చింది, మన్నించండి.

డిగ్రీలో నా మేజర్ (ప్రధాన సబ్జెక్టు) వృక్షశాస్త్రం, మైనర్ (దానికి తోడుగా చదివే సబ్జెక్టు) రసాయన శాస్త్రం. ఆకులో జరిగేదంతా చివరికి రసాయన చర్యే గనుక ఈ మైనర్‌ను ఇష్టపడి, ఆలోచించే తీసుకున్నాను. మైనర్ వారికి కూడా ప్రాక్టికల్స్ ఉన్నాయని సిలబస్‌లో స్పష్టంగా రాశారు. అయితే కెమిస్ట్రీ మేజర్ బ్యాచ్‌లన్నీ ముగిసి ల్యాబ్ ఖాళీ అయితేనే మాకు వంతు వస్తుంది. సరిగ్గా ఆ వేళకే మా మేజర్ తరగతి ఉంటుంది. రెండింటిలోనూ హాజరు తగ్గరాదన్న నిబంధన మాత్రం ఏ లోటూ లేకుండా అమలవుతోంది.

గత సెమిస్టరులో పర్మాంగనేట్‌తో ఆక్సాలిక్ ఆమ్లాన్ని టైట్రేషన్ (ఒక ద్రావణాన్ని మరోదానిలో చుక్కచుక్కగా కలిపి గాఢత కనుగొనే ప్రయోగం) చేసినట్లు నా ప్రయోగాల రికార్డులో ఉంది. ఫ్లాస్కులోని ద్రావణాన్ని 60 నుంచి 70 డిగ్రీల వరకు వేడి చేయాలనీ, మొదటి చుక్కల రంగు పోవడానికి కాస్త సమయం పడుతుందనీ, చర్యలో పుట్టిన మాంగనీసు అయాన్లే ఆ తరువాత చర్యను వేగవంతం చేస్తాయనీ, చెరగకుండా నిలిచే తొలి లేత గులాబీ రంగే ఎండ్ పాయింట్ (చర్య పూర్తయిందనే గుర్తు) అనీ పరీక్షలో తప్పు లేకుండా రాయగలను. ఆ గులాబీ రంగును మాత్రం నేనింతవరకు చూడలేదు. బోర్డు మీద రాసిన రీడింగులను రికార్డులోకి ఎక్కించుకున్నాం. తరగతిలో అందరి బ్యూరెట్ (ద్రావణాన్ని చుక్కలుగా వదిలే, కొలత గీతలున్న గాజు గొట్టం) రీడింగులూ దశాంశంతో సహా కలిశాయి; చేయని ప్రయోగంలో పొరపాటు ఎలా దొర్లుతుంది? దానికి నాకు మంచి మార్కులే వచ్చాయి. నిజానికి నన్ను ఎక్కువగా బాధిస్తున్నది ఆ మార్కులే.

ఇచ్చిన లవణంలో ఏముందో గుర్తించే సాల్ట్ అనాలిసిస్ సంగతీ అంతే. నైట్రేటును గుర్తించే గోధుమ వలయ పరీక్షలో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పరీక్షనాళిక గోడ వెంట ఎంత నెమ్మదిగా జార్చాలో బొమ్మ చూసి నేర్చుకోవచ్చునని భావించే పెద్దలు, ఆ ఆమ్లం సీసాను ఎన్నడూ చేతపట్టి ఉండరు. 1824లో జర్మనీలోని గీసెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరిన రసాయన శాస్త్రవేత్త లీబిగ్, విద్యార్థులు తమ చేతులతో ప్రయోగాలు చేసి నేర్చుకునే పద్ధతిని అక్కడ నెలకొల్పారు. రెండు వందల ఏళ్లు గడిచాయి. మా వంతు ఇంకా రాలేదు.

అధ్యాపకులను నిందించడం నా ఉద్దేశం కాదు. ఉన్న ల్యాబ్ ఒక్కటే, బ్యాచ్‌లు అనేకం. వారు మాత్రం ఏం చేస్తారు? ప్రిన్సిపాల్ గారిని అడిగితే పైనుంచి ఉత్తర్వులు రావాలన్నారు. పైవారిని అడిగితే టైమ్‌టేబుల్ కళాశాల ఇష్టమన్నారు. ఈ రెండు సమాధానాల నడుమ నాకు ఒక సెమిస్టరు గడిచిపోయింది. ఇక పీజీ ప్రవేశాలలో ఈ మైనర్‌ను లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది మూడు వినతిపత్రాలలోనూ అడిగాను, మళ్లీ అడుగుతున్నాను.

అయ్యా, కొత్త భవనాలు అడగడం లేదు. మైనర్ విద్యార్థులకు మేజర్ తరగతితో ఢీకొనని ఒక ల్యాబ్ పూటను టైమ్‌టేబుల్‌లోనే కేటాయించమని ఆదేశించండి. అది వీలుకాదంటే సిలబస్‌లోంచి ప్రాక్టికల్స్ అన్న మాటనైనా తొలగించండి, కనీసం రికార్డులో అబద్ధాలు రాసే పని తప్పుతుంది. ఈసారి రసీదు పంపనక్కరలేదు. వచ్చే ప్రాక్టికల్ పరీక్షలోగా ఒక్కసారి బ్యూరెట్ పట్టుకోనిస్తే చాలు.

ఇట్లు,
కెమిస్ట్రీ మైనర్ విద్యార్థిని