వార్షిక నివేదిక: ప్యాకెట్ మీద పోషకాల పట్టిక

సభ్యులందరికీ నమస్కారం.

నెలవారీ సమావేశాలు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చులు విడిగా జతచేశాం. ఈ ఏడు సంఘం ఎక్కువగా శ్రమించింది ఒక్క పని మీదే. అనంతపురంలో మనం చేసి అమ్మే చెనక్కాయ చిక్కీ, కొర్ర మురుకులు, రాగి మాల్టు ప్యాకెట్లకు లేబుల్ సాఫ్ట్‌వేర్‌తో పోషకాల పట్టిక సరిగ్గా తయారుచేసుకోవడం నేర్చుకున్నాం.

దేశంలో ఆహార భద్రత, ప్రమాణాలు చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ సంస్థ 2020 లేబులింగ్ నిబంధనల్లో శక్తి, ప్రొటీన్, పిండిపదార్థాలు, మొత్తం చక్కెర, చేర్చిన చక్కెర, కొవ్వులు, సోడియం వంటివన్నీ చూపాలని ఉంది. ఒకసారి తినే మోతాదు రోజు అవసరంలో ఎంత శాతమో కూడా వేయాలి. ఆ శాతానికి ఆధారం 2000 కిలోకేలరీలు, 50 గ్రాముల చేర్చిన చక్కెర, 2000 మిల్లీగ్రాముల సోడియం.

ఈ లెక్కలన్నీ సాఫ్ట్‌వేర్ చేసిపెడుతుంది. తూకం మాత్రం మనదే. చెనక్కాయ విత్తనాలు వేయించి పొట్టు తీస్తే బరువు తగ్గుతుంది, పాకంలో నీరు ఆవిరైపోతుంది. అందుకే వేసిన సరుకులతో పాటు ఆరిన చిక్కీ బరువు కూడా తూచి ఎక్కించాలి. పొట్టు తీసిన కిలో విత్తనాలకు 800 గ్రాముల బెల్లం పడి, చివరికి 1750 గ్రాముల చిక్కీ వచ్చిందనుకుందాం. 25 గ్రాముల ముక్కలో బెల్లం 11 గ్రాములకు పైగా, అందులో చేర్చిన చక్కెర సుమారు 10 గ్రాములు, అంటే రోజు లెక్కలో ఐదో వంతు. బెల్లమే కదా అని ఆ గడిలో సున్నా వేయడం తప్పని సంఘం గట్టిగా నమ్ముతోంది. పిల్లల చేతికిచ్చే తిండి ఇది, కొనే తల్లికి ఆ అంకె తెలియాలి.

ముడిసరుకుల విలువలకు హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2017లో ఇచ్చిన భారతీయ ఆహార పట్టికలను ఎంచుకున్నాం. వాటి ప్రకారం 100 గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది.

విటమిన్లు కలిపిన మాల్టు సంగతి వేరు. విటమిన్ సి, బి1 వేడికి, నిల్వకు తగ్గిపోతాయి. విటమిన్ల పొడి కలిపిన రోజు లెక్కను పట్టికలో పెడితే, గడువు దగ్గరపడ్డ ప్యాకెట్‌లో అంత ఉండదు. దీనికి ల్యాబ్ పరీక్షే ఆధారం. ఇనుము కలిపాం కదా అని పోషకాలు చేర్చిన ఆహారమని చెప్పే ‘ప్లస్ ఎఫ్’ గుర్తు వేసుకోకూడదు, 2018 ఫోర్టిఫికేషన్ (పోషకాలు చేర్చడం) ప్రమాణాలకు సరిపోయిన సరుకుకే అది.

కొన్ని సాఫ్ట్‌వేర్లలో కెనడా నమూనా కూడా కనిపిస్తుంది. విటమిన్లు, ఖనిజాలు, కెఫీన్ వంటివి చేర్చిన ఆహారాలకు ఆ దేశం 2022లో వేరే నిబంధనలు తెచ్చింది, అక్కడి పట్టిక కూడా వేరే. ఇక్కడ అమ్మే ప్యాకెట్‌కు భారత నమూనానే ఎంచుకోండి.

వేరుశనగ అలర్జీ హెచ్చరిక, పచ్చ చుక్క గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు సాఫ్ట్‌వేర్ దానంతటది వేయకపోవచ్చు. అచ్చుకు పంపే ముందు చూసుకోండి.

వచ్చే ఏడు మాల్టు నమూనాలను సంఘం ఖర్చుతో ల్యాబ్‌కు పంపాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. కలిపే పొడి కంపెనీ ఇచ్చిన విశ్లేషణ పత్రం, మీ తూకాల చీటీ తెచ్చిన వారివి ముందుగా తీసుకుంటాం.

కార్యదర్శి