ఆటోనగర్ షెడ్లలో వడదెబ్బ ముప్పు

సంపాదకుల వారికి,

మే నెల మధ్యాహ్నం విజయవాడ ఆటోనగర్‌లో రేకుల షెడ్డు కింద, అప్పుడే ఆపిన లారీ ఇంజన్ మీదికి వంగి పనిచేసే మెకానిక్‌కు పైనుంచి రేకుల సెగ, కిందనుంచి ఇంజన్ సెగ, పక్కనుంచి వెల్డింగ్ వేడి కలిసి తగులుతాయి. చేతిలోని పానా కూడా కాలుతుంది. గాలి వేడి 37 డిగ్రీలు దాటాక ఫ్యాను వడగాలినే విసురుతుంది. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది గానీ, మన ఉక్కపోతలో అదీ సరిగా ఆరదు. పని నేర్చుకునే కుర్రాళ్లు తల తిరుగుతున్నా చెప్పడానికి జంకుతారు. నన్ను ఎక్కువగా బాధిస్తున్నది ఇదే. నీడపట్టున ఉన్నారు కదా అని అధికారులు వీరిని మరవరాదు. యజమానులు మిట్టమధ్యాహ్నం బరువు పనులు ఆపించి, రేకులపై తెల్లసున్నం వేయించి, చల్లని తాగునీరు, ఓఆర్ఎస్ అందుబాటులో ఉంచేలా కార్మికశాఖ వేసవికి ముందే తనిఖీలు చేపట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ